విల్కా కుతి: అయ్మారాల కొత్త సంవత్సరం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్ 21న తెల్లవారకముందే బొలీవియా పీఠభూమి మీద వేలమంది ఉన్ని దుప్పట్లు కప్పుకుని తూర్పు కొండల వైపు తిరిగి నిలబడతారు. రాత్రంతా నిద్ర ఉండదు, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. అయినా ఎవరూ కదలరు. సూర్యుడి మొదటి కిరణం తగిలిందంటే కొత్త సంవత్సరం వచ్చేసినట్టే. ఈ పండుగ గురించి విన్నవాళ్లకు సాధారణంగా వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

విల్కా కుతి అంటే అర్థం ఏమిటి?

అయ్మారా భాషలో విల్కా అంటే సూర్యుడు. కుతి అంటే తిరిగి రావడం, మళ్లడం. రెండూ కలిపితే సూర్యుడు మళ్లీ రావడం. ఇదే పండుగను మచక్ మారా అని కూడా అంటారు. మచక్ అంటే కొత్త, మారా అంటే సంవత్సరం.

విల్కా చాలా పాత మాట. ఇప్పుడు రోజువారీ మాటల్లో సూర్యుడిని ఇంతి అంటారు. లుదోవికో బెర్తోనియో అనే ఇటలీ పాద్రీ 1612లో అచ్చువేసిన అయ్మారా నిఘంటువులోనే ఈ తేడా కనిపిస్తుంది. పూర్వం సూర్యుడిని విల్కా అనేవారు, ఇప్పుడు ఇంతి అంటున్నారు అని ఆయన రాసిపెట్టాడు. నాలుగు వందల ఏళ్ల కిందటే పాతబడిన మాటను ఈ పండుగ మళ్లీ జనం నోట్లోకి తెచ్చింది.

అయ్మారాలు ఎవరు?

దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల నడుమ, తితికాకా సరస్సు చుట్టూ ఉన్న ఎత్తైన మైదానాల్లో తరతరాలుగా బతుకుతున్న జనం. బొలీవియాలో ఎక్కువగా, పెరూ దక్షిణ భాగంలో, చిలీ ఉత్తరాన ఉంటారు. వాళ్ల భాష మాట్లాడేవాళ్లు దాదాపు 20 లక్షల మంది. తెలుగులాగే అయ్మారాలోనూ మాటకు ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి చేర్చుకుంటూ పోతారు, క్రియ సాధారణంగా వాక్యం చివరే వస్తుంది. చుట్టరికం ఏమీ లేదు కానీ ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

జూన్‌లో చలికాలం ఏమిటి?

భూమధ్యరేఖకు దక్షిణాన కాలాలు మనకు తిరగబడి ఉంటాయి. మనకు ఎండాకాలం ముగిసి వానలు మొదలయ్యే వేళకు అక్కడ చలి ముదురుతుంది. జూన్ 21 వాళ్లకు ఏడాదిలోకెల్లా పగలు పొట్టిగా ఉండే రోజు.

దీన్ని మన ఊరి లెక్కలో చూస్తే బాగా అర్థమవుతుంది. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 16.5 డిగ్రీల దగ్గర ఉంది. ఈ పండుగ పెద్ద ఎత్తున జరిగే తివానాకు దక్షిణాన దాదాపు అదే 16.5 డిగ్రీల దగ్గర ఉంది. అద్దంలో బొమ్మలా అన్నమాట. జూన్ 21న విజయవాడలో పగలు 13 గంటలు దాటుతుంది, మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు. అదే రోజు తివానాకులో పగలు 11 గంటల పైన కొద్ది నిమిషాలే. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తు దాటడు. సూర్యుడు తమను వదిలి ఉత్తరానికి, అంటే మన వైపుకు, వెళ్లిపోయాడని వాళ్లకు అనిపించడంలో వింతేమీ లేదు.

అయితే ఇది మన ఉత్తరాయణం లాంటిదా?

ఆకాశం లెక్కలో ఇది ఉత్తరాయణానికి సరిగ్గా ఎదురు. జూన్ 21 తర్వాత సూర్యుడు దక్షిణానికి మళ్లుతాడు. పంచాంగంలో దక్షిణాయనం కర్కాటక సంక్రమణంతో జూలై మధ్యలో మొదలవుతుంది కానీ, అసలు మళ్లింపు జరిగేది జూన్‌లోనే. మనం దక్షిణాయనాన్ని దేవతల రాత్రి అంటాం, పెద్ద శుభకార్యాలకు ఉత్తరాయణం కోసం చూస్తాం. భీష్ముడు అంపశయ్య మీద ఎదురుచూసింది ఉత్తరాయణం కోసమే. అయ్మారాలకు మాత్రం ఆ దక్షిణపు మళ్లింపే శుభం. సూర్యుడు ఇంటిదారి పట్టాడని వాళ్ల సంబరం.

ఈ పోలికను ఇక్కడితో ఆపడం మంచిది. భోగి మంట ఉంది, అక్కడా మంట ఉంది కాబట్టి రెండూ ఒకటే అనేవాళ్లు తగులుతుంటారు. సూర్యుడిని చూసి కాలం లెక్కపెట్టుకున్న ప్రతి జాతికీ ఈ మళ్లింపు రోజు ముఖ్యమే. ఎవరి కారణాలు వాళ్లవి, ఎవరి పంటలు వాళ్లవి.

కొత్త సంవత్సరం అంత చలిలో ఎందుకు పెట్టుకున్నారు?

వాళ్ల వ్యవసాయం అలా ఉంటుంది కాబట్టి. బంగాళాదుంపల తవ్వకం ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తుంది. గిడ్డంగి నిండి, పొలం ఖాళీగా ఉంటుంది. ఆగస్టు తర్వాత దున్నడం, విత్తడం మళ్లీ మొదలవుతాయి. పాత పంట ముగిసి కొత్తది ఇంకా మొదలుకాని ఆ మధ్య ఖాళీలోనే జూన్ 21 వస్తుంది. ఏడాది అక్కడ తెగితేనే రైతుకు అర్థం ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది, ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. ఆ చలి వాళ్లకు శత్రువు కాదు. చూన్యో తయారయ్యేది ఆ చలిలోనే. జూన్, జూలై రాత్రుల్లో బంగాళాదుంపలను ఎండుగడ్డి మీద ఒక్క వరుసగా పరుస్తారు. రాత్రి చలికి అవి రాళ్లలా గడ్డకడతాయి. పగలు ఎండకు కరిగి మెత్తబడతాయి. ఇలా కొన్ని రాత్రులు గడిచాక వాటిని చిన్న కుప్పలుగా చేసి, ఒట్టి కాళ్లతో మెల్లగా తొక్కుతారు. మడమ కింద దుంప నలిగి చల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి చిమ్ముతాయి, తొక్క ఊడివస్తుంది. తర్వాత బాగా ఎండబెడితే నల్లగా, తేలిగ్గా, గులకరాయిలా తయారవుతుంది. అదే చూన్యో. కొన్నాళ్లు పారే నీళ్లలో నానబెట్టి ఎండబెడితే తెల్లగా వస్తుంది, దాన్ని తుంతా అంటారు. ఏళ్ల తరబడి చెడిపోదు. పంట పోయిన సంవత్సరం పిల్లల కడుపు నింపేది ఇదే. చేదుగా ఉండి మామూలుగా తినడానికి పనికిరాని దుంపలు కూడా ఈ పద్ధతితో తినదగినవి అవుతాయి.

రాత్రి గట్టి చలి, పగలు గట్టి ఎండ, రెండూ ఉంటేనే ఇది సాధ్యం. ఆ రెండూ కలిసి వచ్చే రోజుల్లోనే విల్కా కుతి వస్తుంది.

తివానాకులో ఆ రాత్రి ఏం జరుగుతుంది?

తివానాకు లా పాజ్ నగరానికి పడమరగా దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 3,850 మీటర్ల ఎత్తున ఉన్న పురాతన శిథిల నగరం. కాలాససాయా అనే రాతిగోడల ప్రాంగణం, అకపానా అనే మెట్ల దిబ్బ, ఒకే రాయిలో చెక్కిన సూర్యద్వారం అక్కడ ఉన్నాయి. 2000లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

జూన్ 20 సాయంత్రం నుంచే బస్సులు, వ్యాన్లు ఊరికి చేరతాయి. పల్లెల నుంచి వచ్చిన పెద్దలు ఎర్రటి పోంచోలు, మెడలో కోకా ఆకుల సంచులతో ఉంటారు. ఆడవాళ్లు గుండ్రటి టోపీలు, పొరలుపొరలుగా ఉన్న లంగాలు, వీపున అవాయో అనే రంగురంగుల నేత గుడ్డ మూటలతో వస్తారు. రాత్రంతా మంటలు, వెదురు గొట్టాల సికూరి వాద్యాలు, డోళ్లు, నాట్యం. ఉష్ణోగ్రత సున్నా కంటే బాగా కిందకి దిగుతుంది. వెచ్చదనం కోసం వేడి పానీయాలు చేతులు మారుతుంటాయి.

తెల్లవారేసరికి సందడి తగ్గుతుంది. పూజారులు నైవేద్యాన్ని మంట మీద పెడతారు. పుతూతు అనే కొమ్ము బూరలు మోగుతాయి. ఈశాన్యపు కొండల అంచు మొదట బూడిదరంగులో, తర్వాత పసుపుగా మారుతుంది. ఉదయం ఏడు గంటల ప్రాంతంలో, అంటే మనకు సాయంత్రం నాలుగున్నర అయ్యే వేళకు, సూర్యుడి అంచు పైకి వస్తుంది. అంతే, ఒక్కసారిగా చేతులన్నీ పైకి లేస్తాయి. "హల్యాల్యా!" అని అరుస్తారు. మన జేజేలు లాంటి మాట అది.

అరచేతులు సూర్యుడి వైపు ఎందుకు చాపుతారు?

ఆ మొదటి కిరణాల్లో ఏడాదికి సరిపడా బలం ఉంటుందని నమ్మకం. అరచేతులు తెరిచి దాన్ని అందుకుంటారు. కొందరు కళ్లు మూసుకుంటారు, కొందరు పెదవులు కదుపుతూ కోరికలు చెప్పుకుంటారు. రాత్రంతా చలిలో బిగుసుకుపోయిన వేళ్ల మీద ఎండ పడగానే వెచ్చగా తగులుతుంది. 3,850 మీటర్ల ఎత్తులో గాలి పలచన కాబట్టి ఎండ పడ్డ చోట వెంటనే వేడి తెలుస్తుంది. సూర్యుడు మళ్లీ వచ్చాడన్న సంగతి అక్కడ ముందు చేతులకే తెలుస్తుంది.

నైవేద్యంలో ఏమేం ఉంటాయి?

దీన్ని వహ్తా అంటారు. స్పానిష్ మాటల్లో మేసా అని కూడా పిలుస్తారు, అంటే బల్ల. పచమామ, అంటే భూమాత, భోంచేయడానికి వడ్డించిన విస్తరి అనుకోండి.

తెల్ల కాగితం ఒకటి పరిచి దాని మీద ఒక్కొక్కటే పేరుస్తారు. అడుగున కోవా అనే కొండ మొక్క. దాని వాసన కొంచెం పుదీనాను గుర్తుచేస్తుంది. పైన రంగురంగుల ఉన్ని పోగులు, లామా కొవ్వు, సాంబ్రాణి వంటి కోపాల్, కోకా ఆకులు, బంగారు వెండి రంగుల రేకు ముక్కలు. వీటి మధ్య చక్కెర బిళ్లలు. మన పంచదార చిలకల్లాగే అచ్చుల్లో పోసినవి ఇవి. ఒకదాని మీద ఇల్లు, ఒకదాని మీద జంట, ఇంకోదాని మీద సూర్యుడు. ఏది కావాలో ఆ బొమ్మ పెడతారు. ఇల్లు కట్టుకోవాలనుకున్నవాళ్లు ఇంటి బిళ్లను ఎంచుకుంటారు. అన్నిటి మీద లామా పిండం.

పేర్చడం నిదానంగా సాగుతుంది. ఒక్కో వస్తువు పెడుతూ ఎవరి కోసమో, ఏ కొండ కోసమో పేరు పెట్టి చెబుతారు. పూర్తయ్యాక మద్యం, వైన్ చిలకరించి నిప్పుల మీద పెడతారు. ఇలా చిలకరించడాన్ని చల్యా అంటారు. ఏ తాగుడు ముందైనా మొదటి చుక్కలు నేల మీద పోయడం అయ్మారాల్లో మామూలు మర్యాద, అమ్మకు పెట్టకుండా మనం తాగకూడదని.

లామా పిండం అన్నారు, నిజమేనా? జంతుబలి కూడా ఉంటుందా?

నిజమే. లామా అంటే ఆండీస్‌లో పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన జంతువు. దాని ఎండిన పిండాన్ని సుల్యు అంటారు. ఎక్కువగా గర్భస్రావమైనవో, మాంసానికి కోసిన ఆడ లామాల కడుపులో దొరికినవో అమ్మకానికి వస్తాయి. లా పాజ్‌లో మంత్రగత్తెల బజారుగా పేరుపడ్డ వీధిలో ఇవి బహిరంగంగా దొరుకుతాయి. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో కూడా పెడతారు.

కొన్ని చోట్ల, ముఖ్యంగా పెద్ద ఉత్సవాల్లో, తెల్ల లామాను బలి ఇచ్చి దాని రక్తాన్ని నేలకు, గోడలకు సమర్పిస్తారు. చాలా ఊళ్లలో బలి ఉండదు, వహ్తాతోనే సరిపెడతారు. ఊరి జాతరల్లో అమ్మవారికి వేటను కొట్టే చోట పెరిగిన మనకు ఇది మరీ పరాయిగా అనిపించదు. జంతుబలి వద్దనుకునేవాళ్లు కూడా ఒక్కటి గమనించాలి: లామా వాళ్ల ఆస్తి, బరువు మోసే తోడు, ఉన్ని ఇచ్చే ప్రాణి. ఉన్నవాటిలో అన్నిటికన్నా విలువైనదే భూమికి ఇస్తున్నారు.

కోకా ఆకు అంటే మత్తుమందు కాదా?

కాదు. కొకైన్‌ను కోకా ఆకుల నుంచి రసాయన పద్ధతిలో తీస్తారు. ఆకు నమలడం వేరు, అది వేరు. అయ్మారాలు ఆకులను బుగ్గన పెట్టుకుని నెమ్మదిగా నములుతారు. అలసట, ఆకలి, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి తగ్గుతాయి. ఒకరికొకరు ఆకులు ఇచ్చుకోవడం మనవాళ్లు తాంబూలం ఇచ్చుకున్నట్టే ఉంటుంది. ఆకులను గుడ్డ మీద విసిరి భవిష్యత్తు చెప్పే పద్ధతి కూడా ఉంది.

ఐక్యరాజ్యసమితి 1961 ఒప్పందం కోకా నమలడాన్ని కూడా ఆపాలని చెప్పింది. బొలీవియా ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చి, తమ దేశంలో ఆకు నమలడానికి మినహాయింపు పెట్టుకుని 2013లో మళ్లీ చేరింది. భారతదేశంలో మాత్రం కోకా ఆకు మాదకద్రవ్యాలను నిషేధించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. అక్కడికి వెళ్లినవాళ్లు జ్ఞాపకంగా నాలుగు ఆకులు, ఓ కోకా టీ ప్యాకెట్ బ్యాగులో వేసుకు వద్దామనుకుంటే పెద్ద చిక్కే. తేకండి.

పూజ ఎవరు చేయిస్తారు?

యాతిరి. ఆ మాటకు తెలిసినవాడు అని అర్థం. మగవాళ్లూ ఉంటారు, ఆడవాళ్లూ ఉంటారు. సంప్రదాయంలో పిడుగుపాటుకు గురై బతికి బయటపడ్డవాళ్లను యాతిరిగా మారడానికి ఎంపికైనవాళ్లుగా భావిస్తారు. పెద్ద ఉత్సవాల్లో పూజ చేయించే పెద్దలను అమౌతా అని కూడా పిలుస్తారు.

వాళ్లు పిలిచేది సూర్యుడిని, భూమాతను మాత్రమే కాదు. అచచీలలను కూడా పిలుస్తారు. అచచీల అంటే తాత, పూర్వీకుడు, అదే సమయంలో కొండ. లా పాజ్ వెనక తెల్లగా నిలబడ్డ ఇల్యిమాని, దూరాన ఇల్యాంపు, వాయ్నా పోతోసి, వీటన్నిటినీ ఇంటి పెద్దలను పిలిచినట్టు పేరుపేరునా పిలుస్తారు. నీళ్లు వచ్చేది వాటి మీది మంచు నుంచే మరి.

పండుగ భోజనం ఏమిటి?

అప్తాపి. ప్రతి ఇంటివాళ్లూ తమ అవాయో మూట విప్పి, తెచ్చింది నేల మీద పరుస్తారు. అన్నీ కలిసి ఒకే పొడుగాటి బల్లలా అయిపోతాయి. ఉడికించిన బంగాళాదుంపలు, చూన్యో, ఓకా దుంపలు, బాకలా చిక్కుళ్లు, ఉడికించిన మొక్కజొన్న గింజలు, జున్నులాంటి తాజా చీజ్, ఎండబెట్టిన లామా మాంసం. చేత్తోనే తింటారు. ఎవరు ఏం తెచ్చారో ఎవరూ లెక్కపెట్టరు. తెచ్చుకోనివాళ్లను కూడా కూర్చోబెడతారు.

2025లో 5533వ సంవత్సరం అన్నారు. ఈ లెక్క ఎక్కడిది?

కొలంబస్ అమెరికా చేరిన 1492కు ముందు వెయ్యేళ్ల చొప్పున ఐదు సూర్యులు గడిచాయని, అంటే 5,000 ఏళ్లు అని, దానికి 1492 తర్వాతి ఏళ్లు కలుపుతారు. 2025లోంచి 1492 తీసేస్తే 533. మొత్తం 5533. ఇది 20వ శతాబ్దం చివర్లో అయ్మారా మేధావులు రూపొందించిన లెక్క. తవ్వకాల్లోంచో, పాత శాసనాల్లోంచో వచ్చింది కాదు.

అంటే ఈ పండుగ కూడా ఈ మధ్య కల్పించిందేనా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో కొందరి గొంతులో తేలికభావం వినిపిస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

తివానాకులో జనం పెద్దఎత్తున చేరి చేసే ఈ రూపం కొత్తదే. 1970ల చివర, 1980ల మొదట్లో కతారిస్తా ఉద్యమకారులు, అయ్మారా విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. 1781లో లా పాజ్‌ను నెలల తరబడి ముట్టడించి, చివరికి స్పానిష్ వాళ్ల చేతిలో ముక్కలు ముక్కలుగా చంపబడ్డ అయ్మారా తిరుగుబాటు నాయకుడు తుపాక్ కతారి పేరే ఆ ఉద్యమానికి పెట్టుకున్నారు. 1973 నాటి తివానాకు ప్రకటనలో వాళ్లు, సొంత దేశంలోనే పరాయివాళ్లమయ్యాం అని రాసుకున్నారు. బళ్లో తమ భాష మాట్లాడితే దెబ్బలు తిన్న తరం అది. తమకూ ఓ ఏడాది, ఓ లెక్క, ఓ ఉదయం కావాలనుకున్నారు.

కానీ దాని అడుగున ఉన్నవి కొత్తవి కావు. పల్లెల్లో జూన్ చివర మంటలు వేయడం, భూమికి నైవేద్యం పెట్టడం, పశువులకు పూజ చేయడం, తెల్లవారుజామున నక్షత్రాలు చూడటం ఎప్పటినుంచో ఉన్నవే. స్పానిష్ పాద్రీలు వీటిని విగ్రహారాధన అని తరిమితే, జనం క్రైస్తవ సెయింట్ల పేర్ల చాటున దాచుకున్నారు. దాచినదాన్ని బయటికి తీసి కొత్త బట్ట కట్టడాన్ని కల్పన అనడం నాకు న్యాయంగా అనిపించదు.

2006లో బొలీవియా అధ్యక్ష పదవి చేపట్టే ముందురోజు, జనవరి 21న, ఎవో మొరాలెస్ తివానాకులోనే పెద్దల ఆశీస్సులు తీసుకున్నారు. ఆయన అయ్మారా కుటుంబంలో పుట్టినవారు. 2009లో ఆయన ప్రభుత్వం జూన్ 21ని జాతీయ సెలవుగా ప్రకటించింది. తూర్పు బొలీవియాలోని ఇతర జాతులు, ఇది ఒక్క అయ్మారాల పండుగ కదా అన్నాయి. తర్వాత అధికారిక పేరులో ఆండీస్‌తో పాటు అమెజాన్, చాకో ప్రాంతాలు కూడా చేరాయి. రాజకీయ నాయకులు ముందు వరసలో నిలబడి ఫొటోలు దిగడం చాలామంది పెద్దలకు నచ్చదు. వాళ్లు తమ ఊరి కొండ మీదే తమ పూజ చేసుకుంటారు.

తివానాకును కట్టింది అయ్మారాలేనా?

ఆ నగరం సుమారు క్రీ.శ. 500 నుంచి 1000 వరకు వైభవంగా ఉంది. కట్టినవాళ్లు ఏ భాష మాట్లాడారన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. పుకినా అనే, ఇప్పుడు అంతరించిన భాష అని చాలామంది అంటారు. అయ్మారాలు దాన్ని తమ పెద్దల చోటుగా చూసుకుంటారు. ఇంకొక మాట: కాలాససాయా గోడల్లో చాలా భాగం 1960లలో తిరిగి నిలబెట్టినవి. ద్వారంలోంచి సూర్యుడు సరిగ్గా ఫలానా రాయి మీద పడతాడని గైడ్లు చెప్పేది వినేటప్పుడు అది గుర్తుంచుకోండి.

కుస్కోలో జరిగే ఇంతి రైమీ ఇదేనా?

కాదు. అది పెరూలో ఇంకాల సూర్య పండుగ, జూన్ 24న జరుగుతుంది. స్పానిష్ వాళ్లు నిషేధించాక శతాబ్దాలపాటు ఆగిపోయి, 1944లో నాటక ప్రదర్శనగా మళ్లీ మొదలైంది. టికెట్లు కొని కూర్చుని చూస్తారు. విల్కా కుతిలో కూర్చుని చూడటం ఉండదు, చేతులు చాపాల్సిందే.

మంటల రాత్రి అని విన్నాం, అది ఏమిటి?

సెయింట్ జాన్ పండుగ, జూన్ 23 రాత్రి. ఏడాదిలో అన్నిటికన్నా చలి రాత్రి అదేనని బొలీవియాలో నమ్మకం. వీధుల్లో పాత సామాన్లు తగలబెట్టేవారు. పొగ వల్ల ఊపిరాడక పోవడంతో పట్టణాల్లో ఇప్పుడు మంటలను నిషేధిస్తున్నారు. బదులుగా ఆ రాత్రి ఇళ్లలో హాట్‌డాగ్‌లు తినడం అలవాటైపోయింది.

చిలీ, పెరూల్లో కూడా చేస్తారా?

చేస్తారు. చిలీ ఉత్తరాన పుత్రే వంటి ఊళ్లలో, అరికా నగరంలో అయ్మారాలు మచక్ మారా జరుపుకుంటారు. దక్షిణ చిలీలో మపూచే జాతికి ఇదే సమయంలో వి త్రిపంతు అనే కొత్త సంవత్సరం. 2021 నుంచి చిలీలో ఈ అయనాంతం రోజు ఆదివాసీ జాతుల దినంగా జాతీయ సెలవు. పెరూలో తితికాకా ఒడ్డున పూనో ప్రాంతపు అయ్మారాలు కూడా చేస్తారు.

నక్షత్రాలు చూస్తారని అన్నారు. ఏ నక్షత్రాలు?

కృత్తికలు. జూన్ చివర్లో తెల్లవారడానికి కాసేపు ముందు ఈశాన్యంలో పైకి వస్తాయి. పెరూ, బొలీవియా రైతులు కొండెక్కి వాటి కాంతిని చూస్తారు. మిలమిలా మెరిస్తే వానలు సకాలంలో, మసకగా ఉంటే వానలు ఆలస్యం. మసకగా కనబడ్డ ఏడాది బంగాళాదుంపలు విత్తడం వెనక్కి జరుపుతారు.

ఇది ఊరికే నమ్మకం కాదని 2000లో నేచర్ పత్రికలో ముగ్గురు శాస్త్రవేత్తలు చూపించారు. ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలుకన్నా వేడెక్కే సంవత్సరాల్లో ఆ సమయానికి ఆకాశంలో చాలా ఎత్తున, కంటికి ఆనని పలచటి మబ్బులు పెరుగుతాయి. అందుకే కృత్తికలు మసకబారుతాయి. ఎల్‌నినో ఏడాది ఆ పీఠభూమి మీద వానలు తగ్గుతాయి. నెలల ముందే రైతు కన్ను దాన్ని పట్టేస్తోంది.

విల్కా కుతి జరిగే రోజుల్లోనే మన దగ్గర ఆరుద్ర కార్తె మొదలవుతుంది. తొలకరికి తడిసిన చేలో ఎర్రటి ఆరుద్ర పురుగు కనబడితే అదను వచ్చిందని మన రైతులు అనుకుంటారు. ఎల్‌నినో అంటే మన నైరుతికి కూడా టెన్షనే. ఒకే సముద్రం చేసే మార్పును వాళ్లు నక్షత్రాల్లో, మనం మబ్బుల్లో వెతుక్కుంటున్నాం.

అయ్మారాలకు గతం ముందు, భవిష్యత్తు వెనక ఉంటుందంటారు, నిజమా?

నిజం. నైరా అంటే కన్ను, ముందు, గతం. నైరా మారా అంటే పోయిన సంవత్సరం. కిపా అంటే వెనక, భవిష్యత్తు. జరిగింది చూశాం కాబట్టి కళ్ల ముందు ఉంది, జరగబోయేది కనబడదు కాబట్టి వీపు వెనక ఉంది. పాత కాలం గురించి చెప్పేటప్పుడు ముసలివాళ్లు చేతిని ముందుకు చాపుతారు. 2006లో రఫాయెల్ నున్యెస్, ఈవ్ స్వీట్సర్ అనే పరిశోధకులు ఈ సైగలను రికార్డు చేసి చూపించారు.

తెలుగులో మనం రెండు రకాలుగానూ అంటాం. "అంతకు ముందు" అంటే గతం, "ముందు ముందు" అంటే భవిష్యత్తు. "వెనకటికి ఒక రాజు" అంటే మళ్లీ గతం.

చూడటానికి వెళ్లాలనుకుంటే ఏం జాగ్రత్తలు?

ముందు ఎత్తుకు అలవాటు పడండి. లా పాజ్ పక్కనున్న ఎల్ ఆల్తో విమానాశ్రయం 4,000 మీటర్లకు పైనే ఉంది. దిగిన రోజే తివానాకు పరుగెత్తకండి. రెండు మూడు రోజులు నెమ్మదిగా తిరగండి, నీళ్లు బాగా తాగండి. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు బయలుదేరే ముందే డాక్టర్‌ను అడగాలి. చలికి స్వెట్టర్ ఒక్కటి చాలదు, లోపల ఉన్ని పొరలు, చేతి తొడుగులు, మందపాటి సాక్స్ కావాలి.

యాతిరి పూజ చేస్తున్నప్పుడు ముఖం మీద కెమెరా పెట్టకండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. పలకరింపుకు "కమిసాకి" అనండి, బాగున్నారా అని. "వాలికి" అని జవాబు వస్తుంది, బాగున్నాం అని.

వహ్తా కాలిపోయాక ఏం చేస్తారు?

మంట ఆరేదాకా దగ్గరే కూర్చుంటారు. పచమామ భోంచేస్తున్నప్పుడు తేరిపార చూడకూడదని కొన్ని చోట్ల కాస్త పక్కకు తిరుగుతారు. తర్వాత యాతిరి పుల్లతో బూడిదను కదిపి చూస్తారు. తెల్లగా, మెత్తగా ఉంటే అమ్మ అంతా తినేసింది, ఏడాది బాగుంటుంది. నల్లగా, అరకొరగా కాలి మిగిలితే ఏదో తక్కువైందన్నమాట, ఇంకోసారి పెట్టాలి. ఆ బూడిదను గుంట తీసి పూడ్చిపెట్టి, పైన మట్టి కప్పి, మిగిలిన వైన్ చుక్కలు దాని మీద పోస్తారు. అప్పటికి ఎండ బాగా ఎక్కి ఉంటుంది. దుప్పట్లు మడిచి, అవాయోలు విప్పి అప్తాపికి కూర్చుంటారు. ఇంటికి వెళ్లాక గడ్డి మీద పరిచిన బంగాళాదుంపలను తొక్కే పని ఎలాగూ ఉంది.